ఇద్దరు పిల్లలు, ఐదు క్లాసులు, ఒక స్కూటీ

తిరుపతి ఎం.ఆర్.పల్లి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కొంత తగ్గించి ఇస్తున్నాను.

"నమస్తే మేడమ్. మాకు ఇద్దరు పిల్లలు, పాప ఆరో తరగతి, బాబు మూడు. మా ఆయనకు కొండ మీద షిఫ్టు డ్యూటీ. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. జూన్‌లో బడులు తెరిచినప్పుడు పాపను సంగీతం, కూచిపూడి, అబాకస్‌లోను, బాబును కరాటే, చెస్‌లోను చేర్చాం. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ ఏదో ఒకటి, కొన్ని రోజులు రెండు. నాలుగున్నరకు స్కూలు దగ్గర పిల్లల్ని స్కూటీ ఎక్కించుకుంటే ఇల్లు చేరేసరికి ఎనిమిది. హోంవర్క్ అయ్యేసరికి పదిన్నర, పదకొండు. పొద్దున ఐదున్నరకు లేపితే పాప ఏడుస్తుంది. స్నానం చేస్తూ, నా పక్కన కూర్చుని హుక్కులు కుడుతూ స్వరాలు పాడుకుంటూనే ఉంటుంది గానీ, డ్యాన్స్ ఉన్న రోజు మాత్రం మడమ నొప్పి అంటుంది. అది సాకు అని టీచర్ అన్నారు. కార్తీక మాసంలో గ్రూప్ ప్రోగ్రాం ఉంది, డ్రెస్సు, నగలు, మేకప్ కలిపి 9,000 కట్టమన్నారు. బాబు కరాటే రోజు గంట ముందే డ్రెస్ వేసుకుని గేటు దగ్గర నిలబడతాడు. చెస్ అయితే రాత్రి వాళ్ళ తాతతో బాగానే ఆడతాడు, క్లాసులో దిక్కులు చూస్తున్నాడంట. చెస్ సార్ రేటెడ్ టోర్నమెంట్లకు చెన్నై తీసుకెళ్ళమంటున్నారు. మా అత్తగారు ఆడపిల్లకు డ్యాన్స్ మానిపించొద్దంటారు, మా ఆడబిడ్డ కూతురు అరంగేట్రం చేసింది. మానిపిస్తే రేపు పెద్దయ్యాక ఎందుకు మానిపించావని నన్నే అడుగుతుందేమో అని భయం. అన్నీ సాగించాలంటే నా వల్ల కావడం లేదు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? అబాకస్‌కు డిసెంబరు దాకా ఫీజు కట్టేశాం, అది వెనక్కి అడగవచ్చా?"

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పాపకు సంగీతం ఉంచండి, బాబుకు కరాటే ఉంచండి, మిగతా మూడూ దసరా సెలవులు వచ్చేలోపు ఆపేయండి. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, మీ ఉత్తరంలోనే ఉంది. ఏది ఉంచాలి అని మీరు చివర్లో అడిగారు గానీ, హుక్కులు కుడుతూ పాప పాడుకోవడం గురించి, గేటు దగ్గర బాబు నిలబడటం గురించి మధ్యలో మాటవరసకు రాసేశారు చూడండి, నాకు కావలసిన సంగతి అంతా అక్కడే దొరికింది. పిల్లలు ఎవరూ చెప్పకుండా తమంతట తాము ఏం చేస్తున్నారు అన్నది రోజూ దగ్గరుండి చూసేది తల్లి. క్లాసులో టీచర్‌కు కనబడేది వారానికి రెండు గంటలే, మీకు కనబడేది మిగతా రోజంతా. కాబట్టి ఈ విషయంలో మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

కానీ క్లాసుల కంటే ముందు నిద్ర సంగతి మాట్లాడాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. పదిన్నర, పదకొండుకు పడుకుని ఐదున్నరకు లేస్తే ఆరున్నర, మహా అయితే ఏడు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. అంటే మీ పాపకు ప్రతి రాత్రీ కనీసం రెండు గంటలు తక్కువ పడుతోంది, అది జూన్ నుంచి. పొద్దున లేపితే ఏడవడం మొండితనం కాదమ్మా, ఆ పిల్లకు నిద్ర చాలడం లేదు, అంతే. నిద్ర చాలని పిల్లకు పాఠం తలకెక్కదు, చిన్న మాటకే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, తమ్ముడితో ఊరికే పోట్లాడుతుంది, ఇవన్నీ ఇప్పటికే మీ ఇంట్లో జరుగుతుంటాయని అనుకుంటున్నాను. అందుకని లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి. పొద్దున ఐదున్నరకు లేవక తప్పదంటే రాత్రి ఎనిమిదిన్నరకు పాప మంచం మీద ఉండాలి. అంతకు ముందు అన్నం, దానికి ముందు హోంవర్క్, స్కూలు నుంచి వచ్చాక కాస్త ఏదైనా తినడం, ఊరికే కూర్చోవడం. ఇవి తీసేస్తే సాయంత్రంలో ఎంత మిగులుతుందో మీరే చూడండి. వారంలో రెండు సాయంత్రాలు క్లాసుకు ఇవ్వడమే ఎక్కువ అనిపిస్తుంది. ఆ రెండు రోజులు కూడా పడుకోవడం తొమ్మిది దాటకుండా చూసుకోండి, పొద్దున ఇంకో అరగంట పడుకోనివ్వండి, చదువు ఆ అరగంటకు ఏమీ పాడైపోదు.

ఇక సంగీతం. చేర్చి ఎన్నాళ్ళయిందో మీరు రాయలేదు, జూన్‌లోనే అయితే సరళీ వరుసలు, జంట వరుసలు దాటి ఇప్పుడిప్పుడే అలంకారాల్లో ఉండి ఉంటుంది. పిల్లలు విసుక్కుని మానేసేది ఎక్కువగా ఈ దశలోనే, ఎందుకంటే ఇంకా పాట అన్నది రాలేదు, అంతా స్వరాలే, మాయామాళవగౌళ రాగంలో అవే ఏడు స్వరాలు మూడు వేగాల్లో పాడించడమే. ఆ వట్టి స్వరాలనే స్నానాల గదిలో పాడుకుంటోందంటే ఆ పిల్లకు అది పట్టుబడింది. గీతాలు, అంటే మొదటి చిన్న పాటలు, మొదలయ్యాక ఎలా ఉంటుందో మీరే చూస్తారు. వారానికి రెండు క్లాసులు చాలు, మూడోది వద్దు, దాని బదులు ఇంట్లో రోజూ పదిహేను ఇరవై నిమిషాలు శ్రుతి పెట్టుకుని పాడనివ్వండి, మీరు మిషన్ దగ్గర ఉన్నా వినబడుతుంది కదా, అది చాలు. పక్కన నిలబడి తప్పులు పట్టొద్దు, ఆ పని గురువుది.

మన ఊళ్ళో సంగీతం నేర్చుకునే పిల్లకు ఉన్న సౌకర్యం వేరే ఊళ్ళలో దొరకదు. టీటీడీ వాళ్ళ శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది, గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, కూచిపూడి, భరతనాట్యం అన్నీ అక్కడ నేర్పుతారు, సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. ఇప్పుడే చేర్చమని కాదు, ఒకసారి వెళ్ళి ఏ వయసుకు ఏ కోర్సు, ఏ సమయం అని కనుక్కుని పెట్టుకోండి. అన్నమాచార్య కళామందిరంలో, మహతి ఆడిటోరియంలో కచేరీలు జరుగుతుంటాయి, నెలకోసారి ఒక్క గంట తీసుకెళ్ళి వెనక వరసలో కూర్చోబెట్టండి, నిద్రొస్తే ఇంటికి తీసుకొచ్చేయండి. మంచి గాత్రం ఎదురుగా కూర్చుని వింటే ఆ పిల్లకు తాను ఎక్కడికి పోతోందో అర్థమవుతుంది.

డ్యాన్స్ దగ్గర మాత్రం కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే అక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. ఒకటి నొప్పి, రెండు ఇష్టం.

నొప్పిని సాకు అని ఎవరన్నా మీరు నమ్మకండి, చూపించకుండా తేల్చొద్దు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య మడమ ఎముక చివర ఇంకా పెరుగుతూ ఉంటుంది, పిక్క కండరం నుంచి వచ్చే నరం లాంటి గట్టి పట్టీ దాన్ని వెనక నుంచి లాగుతుంటుంది. గచ్చు మీదో గ్రానైట్ మీదో వట్టి కాళ్ళతో అదే పనిగా అడుగులు వేస్తే ఆ పెరిగే భాగం రేగి నొప్పి చేస్తుంది. ఆటలాడే పిల్లల్లో, నాట్యం చేసే పిల్లల్లో ఇది చాలా మామూలు, విశ్రాంతి ఇస్తే తగ్గిపోతుంది, అదే పనిగా చేయిస్తే నెలల తరబడి సతాయిస్తుంది. మీ పాపకు ఇదే అని నేను అనడం లేదు, చూడకుండా అనకూడదు. డాక్టరుకు చూపించమంటున్నాను. తిరుపతిలో ఎముకల కోసమే బర్డ్ ఆసుపత్రి ఉంది, లేదంటే మీకు తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళే ముందు రెండు మూడు విషయాలు గమనించి పెట్టుకోండి: నొప్పి రెండు మడమల్లోనా ఒక్కదాంట్లోనా, పొద్దున లేవగానే ఉంటోందా లేక డ్యాన్స్ తర్వాతేనా, కుంటుతోందా, వాపు ఉందా, రాత్రి నొప్పితో మెలకువ వస్తోందా. ఇవి చెబితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది. ఆయన చూసేదాకా అడుగులు ఆపించండి.

ఇక ఇష్టం సంగతి. డాక్టరు ఏమీ లేదన్నారే అనుకుందాం, అప్పుడు కూడా నొప్పి అన్న మాట అబద్ధమని పాపను నిలదీయకండి. పదకొండేళ్ళ పిల్ల "నాకిది వద్దు" అని సూటిగా అనలేకపోతే కాళ్ళో కడుపో నొప్పి అంటుంది, ఎందుకంటే ఇంట్లో నొప్పికి ఉన్న విలువ వద్దు అన్న మాటకు లేదని దానికి తెలుసు. స్కూటీ మీద వెళ్తున్నప్పుడు కాదు, ఆదివారం ఇద్దరే ఉన్నప్పుడు అడగండి, "డ్యాన్స్ మానేస్తే నీకు ఏది పోయినట్టు అనిపిస్తుంది?" అని. స్నేహితురాళ్ళు అంటే, వాళ్ళను ఇంటికి పిలవచ్చు. గజ్జెలు, స్టేజీ అంటే, అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం, కాలు నయమయ్యాక ఎండాకాలం సెలవుల్లో చూడవచ్చు. ఏమీ లేదు అంటే అయిపోయింది.

ప్రోగ్రాంకు పాప రాదని చెప్పడంలో మాత్రం ఆలస్యం చేయకండి. అది గ్రూప్ ఐటెం, ఒక పిల్ల తప్పుకుంటే మిగతావాళ్ళ వరుసలన్నీ మార్చుకోవాలి, ఇప్పుడు చెబితే టీచర్‌కు టైముంది, కార్తీకం వచ్చాక చెబితే ఆ పిల్లలందరికీ ఇబ్బంది. డబ్బు కట్టకముందే, ఈ వారమే, ఫోన్లో కాకుండా స్వయంగా వెళ్ళి చెప్పండి. "మీరు చెప్పింది బాగా నేర్చుకుందమ్మా, కాలు నొప్పి ఉంది, డాక్టరుకు చూపిస్తున్నాం, ఈ సంవత్సరం ఆపుతున్నాం" అంటే చాలు. పాపను కూడా తీసుకెళ్ళి దండం పెట్టించండి. టీచర్ అన్న మాటకు మీకు కోపం ఉంటే ఉండవచ్చు, న్యాయమే, కానీ నాలుగు నెలలు నేర్పిన మనిషి దగ్గర సెలవు తీసుకుని రావడం పాపకు మంచిది, రేపు దార్లో ఎదురుపడితే మొహం తిప్పుకోనక్కర్లేదు.

బాబుకు కరాటే చక్కగా సరిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట ఉండాలంటుంది. కరాటే లేని రోజుల్లో వీధిలో పరిగెత్తడం, క్రికెట్, దొంగాపోలీసు ఆ లెక్కలోకి వస్తాయి, వాటిని టైం వేస్ట్ అనుకోకండి. బెల్టు పరీక్ష పేరుతో మూడు నెలలకోసారి డబ్బు కట్టమంటే ప్రతిసారీ కట్టాల్సిన పని లేదు, రెండు సార్లకు ఒకసారి రాయనివ్వండి, అడుగులు, పిడికిలి గట్టిపడటం ముఖ్యం గానీ రంగు కాదు. ఇంకో మాట, ఈ 60 నిమిషాలు పాపకు కూడా వర్తిస్తుంది. డ్యాన్స్ ఆగిపోయి పాట ఒక్కటే ఉంటే ఒంటికి కదలిక తగ్గిపోతుంది. కాలు నయమయ్యాక షటిలో, సైకిలో, స్కిప్పింగో, ఇంటి దగ్గరే, ఫీజు లేనిది ఏదైనా పెట్టండి.

చెస్ గురించి. 2024 డిసెంబరులో గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాక ఏ వీధిలో చూసినా చెస్ క్లాసే, సంతోషమే, అంతకు ముందే మనకు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్నారు. కానీ రేటింగ్ అంటే ఏమిటో తల్లిదండ్రులకు ముందే తెలియాలి, ఆటగాడి బలం ఎంతో చెప్పడానికి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఇచ్చే అంకె అది. రేటెడ్ టోర్నమెంట్లలో ఇప్పటికే రేటింగ్ ఉన్న ఆటగాళ్ళతో కనీసం 5 ఆటలు ఆడి కొంతైనా స్కోరు చేస్తేనే మొదటి రేటింగ్ వస్తుంది, అది కనీసం 1400 ఉండాలి, 2024 మార్చికి ముందు ఆ కనీస హద్దు 1000 ఉండేది. ఇప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆ గీత దాటడం తేలిక కాదు. ఒక్కో టోర్నమెంట్‌కు శని, ఆదివారాలు, ఒక్కోసారి శుక్రవారం కూడా పోతుంది, చెన్నై అంటే 135 కిలోమీటర్లు, ప్రయాణం, బస, ఎంట్రీ ఫీజు, మీరు అక్కడ హాలు బయట కూర్చుంటే పాప ఇక్కడ ఎవరి దగ్గర? ఆట మీద పిచ్చి ఉన్న పిల్లాడికైతే ఇవన్నీ పడాల్సిందే, నేనే వెళ్ళమని చెబుతాను. మీ వాడు క్లాసులో దిక్కులు చూస్తున్నాడు, తాతతో మాత్రం ఆడుతున్నాడు. అంటే వాడికి ఆట ఇష్టమే, తాత ఇంకా ఇష్టం. అది అలాగే ఉండనివ్వండి, రాత్రి ఒక ఆట చాలు. తాతను ఓడించడం రోజూ జరిగే పనైపోయి, "ఇంకెవరితోనైనా ఆడాలి" అని వాడే అడిగిన రోజు ఊళ్ళోనే చిన్న పోటీకి తీసుకెళ్ళండి.

అబాకస్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కూడికలు, గుణకారాలు వేగం వస్తాయి, నిజమే, కానీ ఆరో తరగతి లెక్కల్లో ఇప్పుడు కావలసింది భిన్నాలు, రుణసంఖ్యలు, అక్షరాలతో లెక్కలు అర్థం కావడం. ఆ గంట ఇంట్లో స్కూలు లెక్కల పుస్తకం ముందు కూర్చుంటే ఎక్కువ లాభం.

ఇంకో విషయం మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వాన గట్టిగా పడితే వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్ళు ఎంత లోతు నిలిచాయో పైనుంచి తెలియదు. ముందు బాబును నిలబెట్టుకుని, వెనక పాపను, ఇద్దరి బ్యాగులను ఎక్కించుకుని, క్లాసు టైమైపోతోందని అందులోకి స్కూటీ దించొద్దు. ఆకాశం మూసుకున్న రోజు క్లాసు లేదు, అంతే. పిల్లలకు కూడా ముందే చెప్పి పెట్టండి. ఫీజు పోయినా పర్వాలేదు.

మిగిలిన రెండు క్లాసులను వీలైతే ఒకే రోజులకు మార్పించండి, అడిగితే బ్యాచ్ మారుస్తారు, ఎక్కువమంది తల్లులు అడగరు, అంతే. అప్పుడు వారంలో రెండు సాయంత్రాలే మీకు బండి పని. మీ ఆయన పొద్దున షిఫ్టులో ఉన్న వారాల్లో సాయంత్రానికి కొండ దిగి వచ్చేస్తారు కదా, ఆ వారాల్లో కరాటే ఆయనది అని తేల్చి చెప్పండి, వీలుంటే చూడండి అని కాదు. అలసిపోయి వస్తారు, నిజమే, మీరూ అలసిపోయే ఉంటారు. కొడుకు పంచ్ కొట్టడం ఒకసారి గోడ పక్కన కూర్చుని చూస్తే తర్వాత ఆయనే అడిగి తీసుకెళ్తారు.

మీ పని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. సాయంత్రాలన్నీ రోడ్డు మీద ఉంటే మగ్గం ముందు ఎప్పుడు కూర్చుంటున్నారు? పిల్లలు పడుకున్నాకే కదా. దసరా, దీపావళి, ఆ వెంటనే కార్తీకంలో పెళ్ళిళ్ళు, మీకు సంవత్సరంలో ఎక్కువ ఆర్డర్లు వచ్చే రోజులివి. ఖాళీ అయిన నాలుగు సాయంత్రాల్లో రెండు మీ పనికి పెట్టుకోండి, పిల్లలు ఆ పక్కనే చదువుకుంటారు. "నా వల్ల కావడం లేదు" అన్న మాటను మీరు తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశారు. అది తప్పు కాదు. క్లాసు మానిపించడానికి పిల్లకు ఇష్టం లేకపోవడం ఎంత మంచి కారణమో, అమ్మకు ఓపిక లేకపోవడం కూడా అంతే మంచి కారణం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అత్తగారి దగ్గర వాదన పెట్టుకోకండి. ఆమెకు మనవరాలు నలుగురి ముందు ఏదైనా చేస్తే చూడాలని ఉంది, అందులో తప్పేముంది? శనివారం సాయంత్రం దీపం పెట్టాక పాపను అవ్వ ముందు కూర్చుని పాడమనండి. ఇప్పుడు అలంకారాలే వస్తే అలంకారాలే పాడనివ్వండి, రేపు గీతం, ఆ తర్వాత ఒక అన్నమయ్య కీర్తన. అవ్వకు తెలిసిన కీర్తన ఏదైనా ఉంటే ఆమెనే నేర్పమనండి. ఆడబిడ్డ కూతురు అరంగేట్రం చేసిందంటే ఆ పిల్లకు అది ఇష్టమై ఉంటుంది, ఏళ్ళ తరబడి కష్టపడి ఉంటుంది, నోరారా మెచ్చుకోండి, దాన్ని తెచ్చి మీ పాప పక్కన పెట్టి కొలవకండి, ఎవరైనా కొలుస్తుంటే పాప వినేలా "మా అమ్మాయి పాడుతుంది" అనండి.

పెద్దయ్యాక అడుగుతుందేమో అన్నారు. అడగవచ్చు. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర నిజం ఉంది కదా, "కాలు నొప్పి అన్నావు, నిద్ర చాలక ఏడ్చావు, నేను విన్నాను" అని. నాట్యం ఇరవై ఏళ్ళకు, ముప్పై ఏళ్ళకు మొదలుపెట్టి నేర్చుకునేవాళ్ళు ఉన్నారు. కావాలనుకుంటే అప్పుడూ దారి ఉంటుంది.

చివరిగా అబాకస్ ఫీజు. తప్పకుండా అడగండి, మొహమాటపడొద్దు. రసీదు తీసుకెళ్ళండి, చేర్చేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం ఉంటే అందులో ఫీజు వాపసు గురించి ఏం రాశారో ముందే ఇంట్లో చదువుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలలది వెనక్కి ఇవ్వమని ఒక కాగితం మీద రాసి ఇచ్చి, దాని ఫొటో తీసి పెట్టుకోండి. ఇవ్వం అంటే ఆ సీటు తెలిసినవాళ్ళ పిల్లలకు మార్చమని అడగండి, మీ వీధిలోనే ఎవరో ఒకరు సగం డబ్బిచ్చి తీసుకుంటారు. అదీ కుదరకపోతే వదిలేయండి, కట్టాం కదా అని డిసెంబరు దాకా పాపను మాత్రం పంపకండి.